బాదం ఆఖరి రోజు

గవ్వకి ఇరవై నెలలు. అంతవరకు అది భీమిలి రోడ్డులోని కుక్కల శిక్షణ కేంద్రంలోనే పెరిగింది. విశాఖపట్నం ఊళ్లో ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. అయినా ఆ మంగళవారం ఉదయం కంచరపాలెంలో వ్యాను దిగగానే, ఏళ్ల తరబడి అక్కడే తిరిగిన దానిలా చూపులేని వసుమతిని నడిపించుకుంటూ బయల్దేరింది. రెండు సందులు వదిలేసి మూడో సందులో ఎడమకి తిరిగింది. పిండిమర ముందు కాలువ పలక పగిలిన చోట ముందే పక్కకి జరిగింది. మందుల షాపు మెట్టు దగ్గర ఆగి, వసుమతి కాలితో మెట్టు అంచు తడుముకున్నాకే మళ్లీ కదిలింది.

పదడుగుల వెనక ఆ కేంద్రం డాక్టర్ తాతారావు చేతిలో టాబ్లెట్ పట్టుకుని వస్తున్నాడు.

"ఒక్క తప్పు కూడా లేదమ్మా," అన్నాడు. సంతోషాన్ని దాచుకోవడం ఆయనకి చేతకాలేదు.

"బాదం కూడా ఇక్కడే ఆగేది. ఇంతసేపే ఆగేది," అంది వసుమతి. ఆమె పాత కుక్క బాదం పోయి ఏడు నెలలైంది.

ఇంటి గేటు దాకా అంతా బాగానే జరిగింది. గేటు తీసిన చప్పుడైంది. వసుమతి అక్క హైమావతి ఎదురొచ్చింది. "వచ్చారా? రండి, రండి," అంది.

గవ్వ ఆగిపోయింది. తర్వాత మెల్లగా కడుపు నేలకి ఆనించి పడుకుంది. హార్నెస్ అంటే కుక్క వీపుకి కట్టే తోలుపట్టీ. దానికి ఒక గట్టి పిడి ఉంటుంది. ఆ పిడి వసుమతి చేతిలోనే ఉంది. కుక్క ఒంట్లోని వణుకు పిడిలోంచి ఆమె మణికట్టులోకి, అక్కణ్ణుంచి మోచేతిలోకి పాకింది.

"కొత్త చోటు కదా," అంది హైమావతి.

కొత్త చోటే అయితే దారంతా అంత ధైర్యంగా ఎలా నడిచింది? వసుమతి ఆ మాట పైకి అనలేదు.

గవ్వకి ఆ దారులు ఎలా తెలుసో ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. ఊళ్లో బస్సులు, ఆటోలు, లారీలు అన్నీ బ్యాటరీల మీదికి మారి నాలుగేళ్లైంది. పొగ పోయింది, రొద పోయింది. అందరూ సంతోషించారు, చూపు లేనివాళ్లు తప్ప. వాళ్లు అంతవరకు రోడ్డుని చెవులతో దాటేవాళ్లు. ఇప్పుడు బస్సు పక్కకి వచ్చేదాకా తెలియదు. అందుకని దారి చూపే గైడ్ డాగ్‌ల అవసరం ఒక్కసారిగా పెరిగింది. అయితే ఒక కుక్కని తయారుచెయ్యడానికి ఏడాదిన్నర కావాలి. అది ఒక మనిషికి, ఆ మనిషి వీధులకి పూర్తిగా అలవాటు పడడానికి మరో ఏడాది పడుతుంది.

ఆ చివరి ఏడాదిని డాక్టర్ తాతారావు ఆరు వారాలకి కుదించాడు. పనిచేసే కుక్క చెవి వెనక, చర్మం కింద, బియ్యపు గింజంత చిప్ పెడతారు. కుక్క ఒక దారిన నడుస్తున్నప్పుడు దాని మెదడులో కొన్ని కణాలు ఒక వరుసలో వెలుగుతాయి. ఆ వరుసని చిప్ రాసుకుంటుంది. ఆ కుక్క రిటైరైనా, చనిపోయినా, ఆ వరుసనే కొత్త కుక్క నిద్రలో ఉన్నప్పుడు తలకి తొడిగిన టోపీలోంచి సన్నటి తరంగాలుగా పంపిస్తారు. కొత్త కుక్క పాత కుక్క తిరిగిన దారులన్నీ కలగంటుంది. మెలకువ వచ్చాక అవి దాని దారులే.

ఇందులో బొమ్మలుండవు, మాటలుండవు. ఏ కంప్యూటరూ ఆ వరుసని చదివి ఇదీ సంగతి అని చెప్పలేదు. ఒక కుక్క జ్ఞాపకాన్ని చదవగలిగేది ఇంకో కుక్క మెదడు మాత్రమే.

వసుమతి జిల్లా కోర్టులో వాంగ్మూలాల రికార్డింగులు విని టైపు చేస్తుంది. వయసు ముప్పై ఆరు. పన్నెండో ఏట చూపు పోయింది. అప్పటినుంచి ఆమె కళ్లు హైమావతే. బడికి, కాలేజీకి, ఆఫీసుకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. బాదం వచ్చాక ఆ చెయ్యి అవసరం తగ్గింది. కిందటేడు వసుమతికి కామెర్లు వచ్చి ఆరిలోవ ఆస్పత్రిలో వారం రోజులుంది. అప్పుడే బాదం పోయింది. గేటు తీసి ఉంటే వెళ్లిపోయిందని, కొమ్మాది దాటాక హైవే మీద బస్సు కింద పడిందని అక్క చెప్పింది. ఆస్పత్రి అటువైపే. తన వాసన పట్టుకుని, తనకోసం వెతుక్కుంటూ పోయి ఉంటుందని వసుమతి అనుకుంది. ఏడు నెలలుగా ఆ నమ్మకంతోనే ఏడ్చింది.

గవ్వ వచ్చిన తొమ్మిదో రోజు ఆఫీసు నుంచి వస్తూ వసుమతి స్టేషన్ రోడ్డు అంచున నిలబడి విన్నది. ఏమీ లేదు.

"పద," అంది.

గవ్వ కదల్లేదు.

"పద గవ్వా."

గవ్వ అడ్డంగా తిరిగి ఆమె మోకాళ్లకి ఒళ్లు ఆనించి నెట్టింది. మరుక్షణం వేడి గాలి ముఖానికి కొట్టింది. చీర కుచ్చెళ్లు ఎగిరాయి. టైరు వాసన. బస్సు వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు కూడా చప్పుడు లేదు.

ఇంటికి వచ్చాక ఆమె డాక్టర్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"ప్రమాదం ఉన్నప్పుడు మన మాట వినకుండా ఉండడం. అది నేర్పడమే మాకు అన్నింటికన్నా కష్టం," అన్నాడు ఆయన. "ఈ బస్సుల విషయంలో ఇక్కడ ఏ కుక్కకీ మేం సరిగ్గా నేర్పలేకపోయాం."

"బాదానికీ రాదండీ. బస్సులొచ్చే రోడ్డు ఎవరినైనా అడిగే దాటేవాళ్లం. మరి దీనికెలా వచ్చింది?"

"అదే నాకూ అర్థం కావడం లేదు."

బయట అంత ధైర్యంగా ఉన్న కుక్క ఇంట్లో మాత్రం మారిపోయేది. హైమావతి పెట్టిన అన్నం ముట్టేది కాదు. ఆమె ఏ గదిలో ఉంటే దానికి దూరంగా ఉన్న మూలకి పోయి, వసుమతి పాదాల మీద గడ్డం ఆనించి కూర్చునేది. హైమావతి వంటింట్లోంచి రెండడుగులు వేస్తే చాలు, పాదాల మీద వణుకు మొదలయ్యేది. పోనుపోను వసుమతికి కూడా అదే అలవాటైంది. అక్క అడుగుల చప్పుడు వింటే గవ్వ మెడపట్టీ గట్టిగా పట్టుకునేది. ఇరవై నాలుగేళ్లుగా తనని నడిపించిన అడుగులవి. వాటికి తనెందుకు భయపడుతోందో ఆమెకి తెలియదు. తెలుసుకోవాలంటే ఇంకా భయం.

"దీన్ని తిరిగి పంపించేద్దాం వసూ," అంది హైమావతి ఒకరోజు, కూర తరుగుతూ. "నన్ను చూస్తే దెయ్యాన్ని చూసినట్టు చేస్తోంది. ఇలాంటిదాన్ని ఇంట్లో పెట్టుకుంటారేటి?"

"నువ్వు దాన్నేమైనా అన్నావా అక్కా?"

"నేనేటంటాను? దాని దగ్గరికే పోలేదు."

అది నిజమే. వారం రోజులుగా హైమావతి గవ్వ ఉన్న గదిలోకి రావడం మానేసింది.

ఆదివారం పొద్దున్న డాక్టర్ తాతారావు వచ్చాడు. భయానికి కూడా ఒక వరుస ఉంటుందని, అది తెలిస్తే మాన్పించవచ్చని అన్నాడు. హైమావతి మోకాళ్లకి రాసుకునే కర్పూరతైలం ఒక గుడ్డకి రాసి గవ్వ ముందు పెట్టాడు. చెవులు వెనక్కి పోయాయి, అంతే. వాకిట్లో ఉన్న హైమావతి కారు దగ్గరికి తీసుకెళ్లాడు. ఊపిరి వేగం పెరిగింది. తనే హార్నెస్ బకిల్ తీశాడు. ఏమీ జరగలేదు. మళ్లీ తొడిగాడు.

"ఇవన్నీ ఒకే వరుసలో చూద్దాం. హైమావతి గారూ, మీరు కారు నడిపే సీట్లో కూర్చోండి. వసుమతి గారూ, గవ్వతో వెనక సీట్లో కూర్చోండి. ఆ తర్వాత హైమావతి గారు దిగి, వెనక తలుపు తీసి, కుక్కకి హార్నెస్ తియ్యాలి."

హైమావతి ఒకడుగు వెనక్కి వేసింది.

"ఒక్క నిమిషం పనే," అన్నాడు డాక్టర్.

"నేను చెయ్యను."

"ఎందుకక్కా?" అంది వసుమతి కారులోంచి.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం కన్నా చెప్పిన పని చెయ్యడమే సులువనుకుందో ఏమో, హైమావతి వచ్చి కూర్చుంది, దిగింది, వెనక తలుపు తీసింది. కర్పూరతైలం వాసన కారు నిండా వచ్చింది. బకిల్ దగ్గర ఆమె వేళ్లు రెండుసార్లు జారాయి. మూడోసారికి క్లిక్‌మంది.

గవ్వ అరిచింది. అది మొరుగు కాదు, ఏడుపు కాదు. అలాంటి అరుపు కుక్క గొంతులోంచి వస్తుందని వసుమతికి అంతవరకు తెలియదు. ముప్పై కిలోల కుక్క ఆమె ఒళ్లోకి ఎక్కేసి, మెడ కిందికి తల దూర్చి, ఆమె చీర తడిపేసింది. వసుమతి దాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుంది. తనకి ఇప్పుడు అంతా తెలిసిపోయిందని, తెలియకపోతే బాగుండునని ఒక్కసారే అనిపించింది.

"ఎక్కడ దించావక్కా?"

హైమావతి వాకిట్లో నేలమీద కూర్చుండిపోయింది.

"కొమ్మాది దాటాక," అంది. "చంపాలని కాదు వసూ. మంచి జాతి కుక్క, ఎవరో ఒకరు తీసుకుపోతారనుకున్నాను. అద్దంలో చూస్తే వెనకాలే పరిగెత్తుకొస్తోంది. నేను స్పీడు పెంచాను. పక్కనుంచి బస్సొచ్చింది. చప్పుడు లేదు. దానికీ వినబడలేదు, నాకూ వినబడలేదు."

"ఎందుకు?"

"అమరావతి హైకోర్టులో పోస్టు వచ్చిందన్నావు. బాదం ఉంది కదా, నేనొక్కదాన్నే ఉండగలను అన్నావు. నవ్వుతూ అన్నావు."

వసుమతి అడగదలచుకున్నది ఒక్కటే మిగిలింది. బాదం నన్ను వెతుక్కుంటూ పోలేదా? అడగలేదు. అది పరిగెత్తింది అక్క కారు వెనక.

డాక్టర్ టాబ్లెట్ చూస్తూ అన్నాడు: "బాదం ఆఖరి అరగంటని గవ్వ మెదడులోంచి తీసెయ్యొచ్చమ్మా. మూడు రాత్రుల నిద్ర చాలు." అని ఆగిపోయాడు. ఏదో లెక్క కుదిరినట్టు టాబ్లెట్ కిందికి దించాడు. "కానీ తీస్తే బస్సులు కూడా పోతాయి."

వాళ్లకి అర్థం కాలేదని గ్రహించి మళ్లీ చెప్పాడు. "చప్పుడు లేని బస్సు ఎలా వస్తుందో బాదానికి తెలిసింది ఆ చివరి క్షణంలోనే. చక్రాల వేడి, నేల అదురు, పక్కనుంచి తోసే గాలి. చిప్ అదంతా రాసుకుంది. స్టేషన్ రోడ్డులో మిమ్మల్ని ఆపింది ఆ జ్ఞాపకమే. ఆ భయం, ఈ భయం ఒకే ముడి. ఒకటి ఉంచి ఒకటి తియ్యడం నాకు రాదు."

"అయితే ఉంచండి," అంది వసుమతి.

"ఇంకో సంగతి కూడా చెప్పాలి." ఆయన ఈసారి హైమావతి వైపు చూడకుండా మాట్లాడాడు. "బాదం రికార్డింగు చాలా బాగుందని ప్రయోగానికి ఇంకో పదకొండు కుక్కలకి ఎక్కించాం. వాటిలో ఒక్కదానికి కూడా ప్రమాదం జరగలేదు. మిగతా కుక్కల్లో మూడు పోయాయి, ఒక మనిషి పోయాడు. ఇకమీదట తయారయ్యే ప్రతి కుక్కకీ ఇదే ఇవ్వాలని కమిటీ అడుగుతోంది. దానికి వసుమతి గారి సంతకం కావాలి. బాదం మీ కుక్క కాబట్టి. ఇవాళ జరిగింది చూశాక, నేను మిమ్మల్ని ఒత్తిడి చెయ్యలేను."

"ఎన్ని కుక్కలు?" అంది హైమావతి.

"ఈ ఏడు నలభై. ఆపైన ఊళ్లో అన్నీ."

"అన్నిటికీ నేను..." ఆమె ఆగింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. వసుమతి ముఖం చూసి, ఆమె సంతకం చెయ్యనని చెప్పబోతోందని గ్రహించినట్టుంది. "పెట్టేయ్ వసూ," అంది. "మనుషులు పోతున్నారంటున్నారు కదా. పెట్టేయ్."

వసుమతి చెయ్యి పట్టుకుని కాగితం మీద సంతకం చోటు చూపించేది ఎప్పుడూ అక్కే. ఆ రోజు డాక్టర్ చూపించాడు.

జూన్‌లో వసుమతి గవ్వని తీసుకుని అమరావతి వెళ్లిపోయింది. నెలకోసారి అక్కకి ఫోన్ చేస్తుంది. ఒంట్లో ఎలా ఉంది, వానలు పడ్డాయా, అంతవరకే. గవ్వ సంగతి హైమావతి అడగదు.

ఏడాది తిరిగేసరికి విశాఖలో డెబ్భైకి పైగా గైడ్ డాగ్‌లు తిరుగుతున్నాయి. బస్సు కింద పడి చనిపోయిన చూపులేని మనిషి ఒక్కరూ లేరని పేపర్లలో రాశారు. డాక్టర్ తాతారావుకి సన్మానం జరిగింది. హైమావతి మాత్రం ఇల్లు కదిలే ముందు వీధి రెండువైపులా చూసుకోవడం నేర్చుకుంది. దూరంగా హార్నెస్ తెల్లటి పిడి కనబడితే సందులోకి తప్పుకునేది. కర్పూరతైలం మానేసింది. ప్రయోజనం లేకపోయింది.

శ్రావణమాసంలో ఒక శుక్రవారం పూర్ణామార్కెట్‌లో పూలు కొని వెనక్కి తిరిగేసరికి నాలుగడుగుల దూరంలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. నల్ల కళ్లద్దాలు, చేతిసంచి, పక్కన చాకొలేట్ రంగు కుక్క. ఆమె ఎన్నడూ చూడని కుక్క. అది ఆమెని చూసి, కడుపు నేలకి ఆనించి పడుకుంది. చుట్టూ జనం. తప్పుకోవడానికి సందు లేదు.

ముసలాయన పిడి గట్టిగా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వణుకు ఆయన చేతిదాకా ఎక్కడం ఆమెకి కనిపించింది. ఆయన ముఖంలో రంగు పోయింది.

"ఎవరండీ దగ్గర్లో ఉన్నది? ఇది ఊరికే ఇలా పడుకోదు. బస్సేదైనా వస్తోందా?"

హైమావతి పూలపొట్లం కొంగులో పెట్టుకుంది.

"బస్సు లేదండీ," అంది. "నేనే. మీరు కదలకండి, నేను వెళ్లిపోతాను."