ఒకటి అనేలోపే

చంద్రుడి మీది స్థావరం క్యాంటీన్‌లో ఆ రోజు అన్నంతో పాటు గోంగూర పచ్చడి వడ్డించారు. నిజమైన గోంగూర. ముందురోజు వచ్చిన సరుకుల నౌకలో ఎవరో పుణ్యాత్ములు రెండు జాడీలు పంపారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నలభై మంది లేచి నిలబడ్డారు. కుడి మణికట్టును గుండెల దాకా ఎత్తి, పట్టీకున్న మీట నొక్కారు. సన్నని దారాలకు కట్టిన నలభై ఉక్కు గోళీలు తీరిగ్గా కిందికి దిగాయి.

"ఒకటీ... రెండూ..." అని నలభై గొంతులు లెక్కపెట్టాయి.

గోళీలు నేలకు తగిలి టక్కుమన్నాయి. మెలకువే. గోంగూర నిజమే. అందరూ నవ్వుకుంటూ కూర్చున్నారు.

"ఉప్మా పెట్టిన రోజు ఒక్కడూ గోళీ వదలడు, చూశావా?" అన్నాడు స్థావరం వైద్యుడు శౌరి. "అంత ఘోరమైన ఉప్మా కలలో కూడా రాదని అందరికీ తెలుసు."

ఎదురుగా కూర్చున్న డాక్టర్ కాళింది నవ్వింది. ఆ గోళీని కనిపెట్టింది ఆమే.

తొమ్మిదేళ్ళ క్రితం, 2084లో, ఆమె ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక డ్రిల్లింగ్ కార్మికుడు హెల్మెట్ లేకుండా ఎయిర్‌లాక్, అంటే గాలి లేని బయటికి వెళ్ళే తలుపు, తెరిచి చనిపోయాడు. కెమెరాలో అతని ముఖం ప్రశాంతంగా ఉంది. కల మత్తులో తన ఇంటి వరండాలోకి వెళుతున్నాననుకున్నాడు. రెండు వారాలు పగలు, రెండు వారాలు రాత్రి ఉండే చోట నిద్ర చెదిరిపోతుంది. కల ముగిసినా దాని మత్తు గంటసేపు వదలదు. కలలో ఉండగానే ఇది కల అని గుర్తుపట్టి బయటపడటం అందరికీ నేర్పాలనుకుంది కాళింది. లూసిడ్ డ్రీమ్ అని ఇంగ్లీషు వాళ్ళు అనేదానికి ఆమె కలెరుక అని పేరు పెట్టింది.

కలను గుర్తుపట్టడానికి పాతకాలం వాళ్ళు చేతివేళ్ళు లెక్కపెట్టుకునేవాళ్ళు. గడియారం రెండుసార్లు చూసేవాళ్ళు. చంద్రుడి మీద అంతకన్నా గట్టి ఆధారం దొరికింది. అది బరువు. వస్తువులు ఎంత వేగంగా పడతాయో మెదడు పసితనంలో నేర్చుకుంటుంది, మళ్ళీ మర్చిపోదు. మనిషి చంద్రుడి మీద ఎన్నేళ్ళున్నా కలలో మాత్రం అన్నీ భూమ్మీద పడ్డట్టే పడతాయి. గుండె ఎత్తు నుంచి వదిలిన గోళీ చంద్రుడి మీద నేల చేరడానికి సెకనుకు పైగా పడుతుంది. రెండు అంకెలు తీరిగ్గా లెక్కపెట్టవచ్చు. కలలో అయితే ఒకటి అనేలోపే పడిపోతుంది. మనసు ఏ కాస్త చలించినా గోళీ వదలడం పగటిపూట అలవాటు చేస్తే, నెలా రెండు నెలల్లో కలలో కూడా చెయ్యి దానంతటదే మీట నొక్కుతుంది.

గుర్తుపట్టాక ఏం చెయ్యాలో కూడా ఆమే రాసింది. వెనక్కి తిరగాలి. నడవాలి. ఇరవై లెక్కపెట్టాలి. ఎవరు పిలిచినా పలకకూడదు. మనిషిని కలలో పట్టి ఉంచేవి అందులోని ముఖాలే. ఒక్క మాట బదులిచ్చినా కాళ్ళు కదలవు.

ఆ తర్వాత స్థావరంలో ఎయిర్‌లాక్ ప్రమాదం మళ్ళీ జరగలేదు.

కాళింది కలలోకి ఎప్పుడూ తమ్ముడే వచ్చేవాడు. విభుకు ఆరేళ్ళప్పుడు తల్లి పోతే, పద్దెనిమిదేళ్ళ కాళింది వాణ్ణి పెంచింది. కలలో వాడు ఇంకా ఆరేళ్ళవాడే. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని గుమ్మంలో నిలబడి "అక్కా" అంటాడు. గోళీ టక్కుమంటుంది. ఆమె వెనక్కి తిరిగి నడుస్తుంది. తొమ్మిదేళ్ళలో అలా కొన్ని వందల సార్లు నడిచింది.

గోంగూర అన్నం సగం తిన్నదో లేదో, ఆమె ఫోన్‌లో సందేశం వచ్చింది. పంపింది విభు భార్య మాలిని.

"వదినా, ఆయన ఊపిరితిత్తులు ఇంక పనిచేయవంటున్నారు. మహా అయితే వారం అంటున్నారు. అక్కని చూడాలని ఒకటే గోల. ఇంకేం అడగట్లేదు."

కాళింది లేచి నిలబడి గోళీ వదిలింది. ఒకటీ, రెండూ. మెలకువే.

ఫోన్ శౌరి చేతికిచ్చింది. అతను చదివి, తన ప్లేటు పక్కకు జరిపాడు.

"రేపటి నౌకలో చోటు నేను ఇప్పిస్తా. పట్టీ ఇక్కడ వదిలేసి వెళ్ళు. అక్కడ దానితో పనేముంది?"

"తొమ్మిదేళ్ళ నుంచి ఉన్నది శౌరీ. తీసేస్తే చెయ్యి బోసిగా ఉంటుంది."

అతను చోటు అడగడానికి ఫోన్ తీశాడు.

నౌక నాలుగో రోజున సూర్యలంక దగ్గర సముద్రంలో దిగింది. చివరి రెండు రోజులూ ఆమెకు కునుకు పట్టలేదు. ఒడ్డు మీద కాలు పెట్టగానే భూమి ఆమెను ఆరింతలు కిందికి లాగింది. కాళ్ళకు మోటారు చట్రాలు తొడిగి, కారులో చీరాల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గది గుమ్మం దగ్గర నుంచి మంచం దాకా నడవడానికి ఆమెకు చెమటలు పట్టాయి.

మంచం మీదున్న మనిషి ఆరేళ్ళవాడు కాదు. ముప్ఫై నాలుగేళ్ళవాడు, యాభై ఏళ్ళవాడిలా ఉన్నాడు.

"ఏందక్కా ఆ కాళ్ళు? మరమనిషివై వచ్చావేంది?" అన్నాడు విభు, మాటకూ మాటకూ మధ్య ఆక్సిజన్ పీలుస్తూ.

"నీకు నోరు మాత్రం తగ్గలేదు."

"అదొక్కటేగా పనిచేస్తంది. మూడేళ్ళని పోయి తొమ్మిదేళ్ళు చేశావు. నా పెళ్ళికి టీవీలోంచి అక్షింతలేశావు. దీనికైనా వచ్చావులే."

"ఏం మాటలండీ అవి?" అని మాలిని కసిరింది.

"అననీ మాలినీ. అనాల్సిన మాటే." కాళింది కుర్చీలో కూలబడింది. "నీకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయిరా."

"ముందు పడుకో. నీ కళ్ళు రెండ్రోజుల నాటి చేప కళ్ళలాగున్నయ్." అతను కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఒక్కటే అక్కా. ఆ టైమొచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకో. చిన్నప్పుడు జ్వరమొస్తే పట్టుకునేదానివే, అట్టా. నువ్వు పట్టుకుంటే నాకు భయముండదు."

"పట్టుకుంటా," అంది.

ఆ రాత్రి కూడా ఆమె నిద్రపోలేదు.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి విభు శ్వాస మారింది. యంత్రం కూత పెట్టింది. మంచానికి అవతల నిలబడ్డ మాలిని నర్సు కోసం బెల్లు నొక్కింది. విభు పెదాలు నీలంగా మారాయి. దుప్పటి మీద అతని అరచెయ్యి పైకి తెరుచుకుంది.

"అక్కా," అన్నాడు.

కాళింది చెయ్యి ఆ చేతి వైపు సగం దూరం వెళ్ళింది. అక్కడ ఆగింది. గుండెల దాకా లేచింది. బొటనవేలు మీట నొక్కింది.

ఒకటి అనేలోపే గోళీ నేలకు తగిలింది.

కల.

ఆమె వెనక్కి తిరిగింది. నడిచింది. "వదినా, ఎక్కడికి?" అన్న మాలిని గొంతుకు పలకలేదు. వరండాలో గోడ పట్టుకుని లెక్కపెడుతూ పోయింది. ఇరవై. మెలకువ రాలేదు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఇరవై. కిటికీ అవతల ఎండ కాస్తోంది. కింద రోడ్డు మీద ఎవరో కొబ్బరిబోండాం కొట్టించుకుంటున్నారు. కొట్టేవాడు చెక్కిన తొక్కను బండి కిందికి విసిరాడు. మూడోసారి ఇరవై దాకా లెక్కపెట్టి ఆమె గదిలోకి తిరిగి వచ్చింది.

నాలుగు నిమిషాలు గడిచాయి. నర్సు యంత్రం ఆపేస్తోంది. విభు అరచెయ్యి ఇంకా తెరిచే ఉంది.

"గోళీ వేగంగా పడింది," అంది కాళింది.

జరిగింది విని శౌరి చంద్రుడి నుంచి ఫోన్ చేసి మాలినితో మాట్లాడాడు. తొమ్మిదేళ్ళ అలవాటు చేతుల్లోకి ఎలా ఇంకిపోతుందో, నిద్రలేని మెదడు దాన్ని ఎలా నమ్ముతుందో ఓపిగ్గా వివరించాడు. అప్పటిదాకా కాళింది ముఖం చూడని మాలిని ఆ సాయంత్రం ఆమెకు అన్నం కలిపి పెట్టింది.

"మీ తప్పేం లేదంట వదినా. ఆ పట్టీ చేసిన పని. ఇంక పైకి పోవద్దు. ఇక్కడే ఉండండి. నాకు మాత్రం ఎవరున్నారు?"

కాళింది ఆ ముద్దలు తింది.

పదకొండో రోజు పొద్దున శౌరి ఫోన్ చేశాడు. మాలిని అదే గదిలో చాప మీద కూర్చుని విభు చొక్కాలు మడత పెడుతోంది. కాళింది ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచింది. చంద్రుడి దాకా మాట వెళ్ళి, బదులు తిరిగి రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది.

"నివేదిక రాసేశాను. పరికర లోపం అని పెట్టాను. భూమికి దిగేవాళ్ళు ఇకపై పట్టీ అప్పగించి వెళ్ళాలని కొత్త నియమం. నీ సంతకం ఒక్కటే కావాలి."

"అందులో ఒక తప్పుంది శౌరీ."

రెండున్నర సెకన్లు. "ఏంటది?"

"పరికరంలో లోపం లేదు. గోళీ పడాల్సినంత వేగంగానే పడింది. నేను భూమ్మీద ఉన్నానని నాకు తెలుసు. ఆ బరువు, ఆ కాళ్ళ చట్రాలు, ఒక్క అడుగు కూడా నన్ను మర్చిపోనివ్వలేదు. మీట నొక్కకముందే తెలుసు, ఒకటి అనేలోపే పడుతుందని. అలా పడుతుందనే నొక్కాను."

రెండున్నర సెకన్లు దాటాయి. ఐదు దాటాయి.

"వాడు పోతుంటే చూడలేకపోయాను," అంది కాళింది. "అది కల అని ఎవరో ఒకరు చెప్పాలి నాకు. చెప్పేది చేతికే కట్టి ఉంది. పట్టీలు లాక్కున్నంత మాత్రాన ఏం మారుతుంది? రాయి. నేను మెలకువగా ఉన్నానని రాయి."

"కాళిందీ, అదంతా రాయక్కర్లేదు." శౌరి గొంతు తగ్గింది. "పాపం, ఆమెకు తెలియక్కర్లేదు."

"వింటోంది," అంది కాళింది. ఫోన్ ఆపేసింది.

మాలిని చేతుల్లో చొక్కా మడత మధ్యలో ఆగి ఉంది. ఆమె దాన్ని విప్పి, మళ్ళీ మొదటి నుంచి మడత పెట్టి, దొంతర మీద ఉంచింది.

"ఆయనకి తెలుసు," అంది చివరికి. "మీరు గుమ్మం దాటుతుంటే మళ్ళీ పిలవబోయా. వద్దన్నాడు. 'అక్క భయపడింది, పోనీ' అన్నాడు. ఆ డాక్టరు గారు పట్టీ సంగతి చెప్పాక, ఆయనే పొరబడ్డాడనుకున్నా. పోయేముందు అక్కని తప్పుగా అనుకుని పోయాడని మీకెందుకు చెప్పడం అని దాచా."

మాలిని ఇంకో చొక్కా చేతిలోకి తీసుకుంది.

"పోనీ అన్నాడు గానీ, ఆఖర్న తనే ఒకసారి పిలిచాడు. గొంతులో శక్తి లేదు. వరండా దాకా మీకు వినపడి ఉండదులే."

"వినపడింది," అంది కాళింది.