వణికిన లోలాకు

లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి లోపల ల్యాబ్ ఇంజనీరు శవం ఉంది. కుడి చేతి వేళ్లు మూడు విరిగి ఉన్నాయి.

"చిత్రహింస పెట్టారు. అయినా నోరు విప్పలేదు," అన్నాడు చీఫ్ తన గదిలో, ఆ శవం ఫోటోని బల్ల మీద పెడుతూ.

ఏజెంటు ఫోటో అందుకున్నాడు. అడుగుల చప్పుడు వినిపించదని డిపార్ట్‌మెంట్‌లో అతన్ని పిల్లి అంటారు.

"దేనికోసం సార్?"

"హైటెన్షన్ తీగల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం వల్ల జన్యువులు దెబ్బతిని క్యాన్సర్‌కి దారితీస్తాయా అని ల్యాబ్‌లో పరీక్ష చేస్తున్నారు. ఒకేలాంటి ఇన్‌క్యుబేటర్లు రెండు. రెండింట్లోనూ మనిషి కణాలు, చుట్టూ రాగి తీగ. కరెంటు మాత్రం ఒక్కదాంట్లోనే పారుతోంది. ఎందులోనో సైంటిస్టులకి కూడా తెలియకూడదని స్విచ్చు గదికి సీలు వేశారు. తెలిసినవాడు ఇతనొక్కడే."

"అది తెలిస్తే ఇతన్ని చంపిన ముఠాకేంటి లాభం?"

"మన కొత్త హైటెన్షన్ లైన్ ఆగిపోవాలి, ముఠాని నడిపే విదేశీ కంపెనీ కరెంటే మనం కొనుక్కోవాలి. కరెంటున్న పెట్టెలో జన్యువుల్ని తెంపే కెమికల్ నాలుగు చుక్కలు వేస్తే చాలు. తీగలే క్యాన్సర్ తెస్తున్నాయని మన సైంటిస్టులే సంతకం పెట్టి మరీ చెబుతారు. ఈ మధ్యాహ్నం కణాలు బయటికి తీస్తారు. ఈలోపే వేస్తారు. లోపల మన మనిషి ఒకామె ఉంది, మారుపేరు సిల్క్."

చీఫ్ గొంతు తగ్గించాడు. "నువ్వు వెళ్లగలవా?"

పిల్లి అక్క ఇల్లు హైటెన్షన్ తీగల కిందే. ఆమె కొడుకు ఏడేళ్లకే బ్లడ్ క్యాన్సర్‌తో పోయాడు.

"నాకూ జవాబు కావాలి సార్. అసలు జవాబు."

ఏసీ మెకానిక్ వేషంలో, నిచ్చెన భుజాన వేసుకుని పిల్లి ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. అందరూ భోజనాలకు వెళ్లారు. మైక్రోస్కోప్ ముందు సిల్క్ ఒక్కతే ఉంది. తెల్లకోటులో కూడా సినిమా పోస్టర్‌లా మెరిసిపోతోంది. చెవులకు పొడవాటి లోలాకులు.

"గాలి వస్తోందా మేడమ్?"

"వస్తోంది గానీ చల్లగా లేదు."

కోడ్ సరిపోయింది. పిల్లి నిచ్చెనెక్కి ఏసీ మూత విప్పాడు.

సిల్క్ మొదటి ఇన్‌క్యుబేటర్ తలుపు తీసి, లోపలికి తల వంచి కదలకుండా నిలబడింది. మూసేసింది. రెండోది తీసింది. అలాగే నిలబడింది.

ఆమె కదల్లేదు. లోలాకు కదిలింది. సన్నగా, తుమ్మెద రెక్కలా వణికింది.

పిల్లికి అర్థమైంది. అది నగ కాదు, తీగలో కరెంటుంటే వణికే అయస్కాంతం! ఇంజనీరు చెప్పనిది లోలాకు చెప్పేసింది.

సిల్క్ కోటు జేబులోంచి డ్రాపర్ తీసింది. పిల్లి నిచ్చెన మీంచి దూకాడు.

"ఆగు!"

ఆమె బెదరలేదు. డ్రాపర్ కణాల పళ్లెం మీదే ఉంది. "దగ్గరికొస్తే పిండేస్తాను. నీ మేనల్లుడి సంగతి నాకు తెలుసు. ఆ తీగలే చంపాయని రేపు లోకమంతా ఒప్పుకుంటుంది. మీ అక్కకి అంతకన్నా ఏం కావాలి?"

పిల్లి కాళ్లు ఆగిపోయాయి. ఒక్క క్షణం, తీగల వైపు చూస్తూ గుమ్మంలో కూర్చునే అక్క కళ్లముందు మెదిలింది. నాలుగు చుక్కలు. అంతే కదా.

"మా అక్కకి నిజం కావాలి," అన్నాడు.

సిల్క్ వేళ్లు బిగిశాయి. పిల్లి ఒక్క ఉరుకున గ్లవ్ తొడిగిన చెయ్యి చాపాడు. చుక్క పళ్లేన్ని తాకబోయి అతని అరచేతిలో పడింది. రెండో చేత్తో ఆమె మణికట్టు విరిచిపట్టి, స్క్రూడ్రైవర్ పిడిలో దాచిన అలారం బటన్ నొక్కాడు. గార్డులు లోపలికి దూసుకొచ్చారు.

మర్నాడు అందరి ముందూ స్విచ్చు గది సీలు తీశారు. ముఖ్య పరిశోధకురాలు కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"రెండు పెట్టెల్లోనూ తేడా కనబడలేదు. ఈ కణాల్లో, ఇంత క్షేత్రానికి. అంతకుమించి చెబితే అబద్ధమే అవుతుంది."

పిల్లి మెట్ల మీద కూర్చుని అక్కకి ఫోన్ చేశాడు.

"అయితే ఆ తీగలు కాదంట్రా?"

"ఈ పరీక్షలో కనబడలేదక్కా. ఇంకా చూడాలంటున్నారు."



"ఇన్నేళ్లూ ఆ స్తంభాన్ని తిట్టుకుంటూ బతికాన్రా. ఇప్పుడెవర్ని తిట్టుకోను?"

"కొన్నాళ్లు నన్ను తిట్టుకోవే."

అక్క ముక్కు చీదింది. "నిన్నా? నిన్నెప్పుడు మానేశాను గనక!"