తోకచుక్కకు ఎవరి గొంతు?

తెర మీద కొత్త తోకచుక్క మేడల మీదుగా ఎగిరివచ్చి నోరు తెరిచింది. అద్దాల గదిలో మైకు ముందు నిలబడిన అమ్మ, ఆ పెదవుల కదలికకు సరిగ్గా సరిపోయేలా, "భయపడకండి, నేనొచ్చాను" అంది.

అద్దానికి ఇవతల కూర్చున్న పిచ్చుక మొహం ముడుచుకుంది. ఒక్కచోట కుదురుగా ఉండదని ఇంట్లో ఆ పిల్లకు పెట్టిన పేరది.

అమ్మ డబ్బింగ్ ఆర్టిస్టు. టీవీ కార్టూన్‌లో తోకచుక్క అనే సూపర్ హీరోకు మొదటినుంచీ ఆమె గొంతే. అందుకే ఆ కథను సినిమాగా తీసినప్పుడూ ఆమెనే పిలిచారు. కార్టూన్‌లో తోకచుక్క తెల్లగా, బంగారు రంగు జుట్టుతో ఉంటుంది. సినిమాలో ఆ వేషం వేసిన నటి నల్లగా, ఉంగరాల జుట్టుతో ఉంది. పిచ్చుకకు మింగుడుపడనిది అదే.

డబ్బింగ్ డైరెక్టర్ ఫోన్ మోగింది. విన్నాడు. సినిమా ఆపేశాడు. తెర మీద నటి నోరు తెరిచినట్టే నిలిచిపోయింది.

"అక్కా, ఒకసారి బయటికి రండి. ట్రైలర్ కింద ఈ కామెంటు మీరు పెట్టారా?"

అమ్మ నవ్వింది. "నాకంత తీరికెక్కడిది బాబూ?"

అతను చదివాడు. "'నల్లమొహం తోకచుక్క మాకొద్దు. వేరేవాళ్లను పెట్టండి.' పైన మీ పేరు, మీ ఫొటో. కింద జనం ఇంతకన్నా పచ్చిగా రాస్తున్నారు. ఆ నటికి గొంతిచ్చే మనిషే ఇలా అందని ఒకటే గోల. నిర్మాత మేడమ్ లైన్లోనే ఉన్నారు. వేరే గొంతు చూడమంటున్నారు."

అమ్మ చేతిలోని కాగితాలు జారి కింద పడ్డాయి.

పిచ్చుక ఆ కామెంటు గుర్తుపట్టింది. నిన్న సాయంత్రం అమ్మ వంటగదిలో ఉండగా, అమ్మ ఫోన్‌లో ట్రైలర్ చూసి ఆ మాటలు టైపు చేసింది తానే. లైకులు వచ్చినకొద్దీ పొంగిపోయింది. ఫోన్ అమ్మదైతే కామెంటు కూడా అమ్మదే అవుతుందని తోచలేదు.

ఇంట్లో అమ్మ ఫోన్ తీసేది పిచ్చుక ఒక్కతే. అమ్మ కూతురి వైపు చూసింది. అరవలేదు.

"ఎందుకే?"

"ఆవిడ బొమ్మలో ఉన్నట్టు లేదుగా అమ్మా."

"మరి నేనున్నానా?"

పిచ్చుక తల ఎత్తింది. అమ్మ ముఖం, రోజూ నిద్ర లేవగానే చూసే ముఖం. దాని వెనక, తెర మీద నటి ముఖం. రెండింటిదీ ఒకే రంగు. తాను రాసిన మాట ఎవరెవరికి తగిలిందో అప్పుడు తెలిసింది.

అమ్మ డైరెక్టర్ వైపు తిరిగింది. "నా ఫోన్ నుంచే వెళ్లింది. పూచీ నాదే. వేరే ఆర్టిస్టును పిలవండి." బ్యాగు భుజాన వేసుకుంది.

"ఫోన్ ఇటివ్వండి మామయ్యా," అంది పిచ్చుక. అందుకుని చెవికి ఆనించుకుంది. "మేడమ్, అది రాసింది నేను. అమ్మకు తెలీదు. తీసేస్తాను. నేనే రాశానని కూడా అక్కడే పెడతాను."

"తీసేస్తే అందరూ మర్చిపోతారా పాపా?" అవతలి గొంతు అడిగింది.

"మర్చిపోరు." పిచ్చుక తెర వైపు చూసింది. నటి ఇంకా నోరు తెరుచుకునే ఉంది, మాట లేకుండా. "కానీ ఆవిడకు మా అమ్మ గొంతే ఇవ్వండి మేడమ్. ఆవిడే తోకచుక్క."

"అయితే ఆ మాటే అక్కడ రాయి పాపా," అన్నారు నిర్మాత. తర్వాత ఫోన్ డైరెక్టర్‌కిమ్మన్నారు. అతను విని, తల ఊపి, అమ్మ భుజం మీది బ్యాగు అందుకున్నాడు. "రండక్కా, అదే డైలాగు, ఇంకోసారి."

లోపలికి వెళ్లేముందు అమ్మ తన ఫోన్ కూతురి చేతిలో పెట్టింది. పిచ్చుక ఒక్కో అక్షరం చూసుకుంటూ టైపు చేసింది. పంపలేదు. ముందు అద్దం మీద మెల్లగా తట్టి, అమ్మకు చదవమని చూపించింది.