పన్నెండింటి టెస్ట్ కాల్

దెందులూరు దగ్గర టెలిఫోను స్తంభమెక్కిన లైన్‌మన్ ఎజ్రా మళ్లీ దిగలేదు. తుపాకి గుండు మెడలోంచి దూసుకుపోయింది. బెల్టు పుణ్యమా అని శవం తీగల మధ్యే వేలాడింది. పట్టపగలు, నాట్లు వేసేవాళ్లందరూ చూస్తుండగా. ఎంత బరితెగింపో చూడండి.

అది 1936 జులై. మర్నాడు తెల్లవారగానే తాడేపల్లిగూడెం స్టేషన్ వెయిటింగ్ రూములో పోలీసు రహస్య విభాగం చీఫ్ బాపిరాజు, తన ఏజెంట్ ఎలీయాజరుకి బ్రీఫింగ్ ఇచ్చాడు.

"ఇవాళ పన్నెండింటికి ఏలూరు నుంచి ముదినేపల్లికి టెస్ట్ కాల్. అక్కడ సర్కారు టెలిఫోను ఇన్‌స్పెక్టర్ రిసీవర్ పట్టుకుని కూర్చుంటాడు. కాల్ అందకపోతే ఎజ్రా పనిచేసిన మనవాళ్ల చిన్న టెలిఫోను కంపెనీ లైసెన్సు రద్దు."

"ఇక మిగిలేది విదేశీ కంపెనీ ఒక్కటేనాండీ?"

"ఒక్కటే. వాళ్లు చెప్పిందే రేటు. పైగా దాని వెనక ఉన్నది గూఢచారి క్రాట్జ్. జిల్లాలో ఎవరేం మాట్లాడుకున్నా వాడి చెవిలో పడుతుంది. తీగ కొల్లేట్లో తెంపుతాడు, అతికించే టైము లేకుండా ఆఖరి నిమిషంలో. వాడి పక్కనున్న పుష్పలత మన డబుల్ ఏజెంట్. కోడ్ అడుగు. జవాబు రాకపోతే అటు ఫిరాయించినట్టే."

"ఎజ్రా మా తమ్ముడండీ."

"తెలుసు. రూలు ప్రకారం నిన్ను పంపకూడదు. వెళ్లు."

పదకొండున్నరకి ఎలీయాజరు పడవవాడి వేషంలో కొల్లేట్లో ఉన్నాడు. తలపాగా, మోకాళ్ల పైకి పంచె, చేతిలో గెడ. చేపల బుట్ట అడుగున చిన్న టెలిఫోను సెట్టు. తాటిమాను తొలిచిన దోనె ఒంటరిగా నిలకడగా ఉండదు కాబట్టి, అక్కడ రెండిటిని పక్కపక్కన తాడుతో కట్టి నడుపుతారు. ఒకదాన్లో క్రాట్జ్. రెండోదాన్లో ఎలీయాజరు, అతని ముందు పుష్పలత. గులాబీరంగు పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, మెడలో పొడుగాటి బంగారు గొలుసు. ఆ చేపల కంపులో కూడా సెంటు గుప్పుమంటోంది.

"ఈ ఏడు గూడబాతులు ఎన్ని వచ్చాయండీ?" అన్నాడు ఎలీయాజరు.

అదే కోడ్. పుష్పలత పలకలేదు.

నీళ్లలో పాతిన టెలిఫోను స్తంభం దగ్గర క్రాట్జ్ తీగలు తెంపే కటర్ తీశాడు. కిందికి జారిన తీగని రెండుచోట్ల తెంపి, మధ్య ముక్కని నీళ్లలోకి విసిరేశాడు. అప్పుడు పలికింది పుష్పలత, క్రాట్జ్‌తో.

"ఇతను పడవవాడు కాదండీ. పోలీసు మనిషి."

ఎలీయాజరుకి ఒళ్లు మండిపోయింది. తమ్ముణ్ణి వాడికి పట్టించింది కూడా ఇదే అనుకున్నాడు. క్రాట్జ్ లేచి నిలబడి, "నిన్న స్తంభం మీద వాడూ నీలాగే ఉన్నాడు" అంటూ పిస్టల్ పేల్చాడు. గుండు ఎలీయాజరు ఎడమ భుజాన్ని చీల్చింది. నెల్లాళ్లుగా జోడు దోనెల్లో తిరిగిన క్రాట్జ్‌కి, దోనె అంటేనే కదలదని నమ్మకం. పుష్పలత వెనక్కి పెట్టుకున్న చేత్తో తాడు ముడి విప్పేసిందని వాడు చూడలేదు.

రెండోసారి పేల్చగానే ఆ అదురుకి వాడి ఒంటి దోనె బోర్లాపడింది. కొల్లేట్లో పుట్టినవాడు కాబట్టి ఎలీయాజరు తమ దోనె ఊగకుండా చటుక్కున చతికిలబడ్డాడు. క్రాట్జ్ పైకి తేలి అతని కాల్లో కటర్ దించాడు. ఎలీయాజరు కుడిచేత్తో గెడ ఎత్తి వాడి నెత్తిన కొట్టాడు. "ఇది ఎజ్రాకి" అని మళ్లీ కొట్టాడు. పుర్రె పగిలిన చప్పుడు వినిపించింది. గుర్రపుడెక్క ఆకుల మధ్య నీళ్లు ఎర్రబడ్డాయి.

"లెక్కపెట్టేలోపు ఎగిరిపోయాయండీ," అంది పుష్పలత.

"ఇప్పుడా చెప్పడం?"

"మిమ్మల్ని పట్టిస్తేనే వాడు లేచేది, నిలబడితేనే కదండీ పడేది."

పన్నెండుకి నాలుగు నిమిషాలు. ఎలీయాజరు రెండు కొసలూ లాక్కుంటూ స్తంభమెక్కాడు. మధ్యలో మూరెడు వెలితి. కిందికి చూశాడు. పుష్పలత చెయ్యి గొలుసు మీదికి వెళ్లింది.

"మా అమ్మదండీ."

"మళ్లీ ఇస్తానండీ."

ఆమె గొలుసు తీసి అందించింది. అతను రెండు తీగలకీ దాన్ని మెలిపెట్టి, బుట్టలోని సెట్టు తగిలించి చెవిన పెట్టుకున్నాడు. సరిగ్గా పన్నెండుకి సెట్టులో గంట మోగింది.

"ముదినేపల్లి. ఇన్‌స్పెక్టర్ చలపతిరావుని. బాగానే వినిపిస్తోందండీ. మధ్యలో ఎవరో ఆయాసపడుతున్నారు, అంతే. పాస్."

ఎలీయాజరు స్తంభానికి తల ఆన్చాడు.

"మరి నా గొలుసు?"

"లైన్‌మన్ వచ్చి కొత్త తీగ వేసేదాకా ఉండాలండీ. ఆ విదేశీ కంపెనీ అయితే నెల పట్టేది. మనవాడు సాయంత్రానికల్లా..." మనవాడంటే ఎజ్రా. ఎలీయాజరు కళ్లు తుడుచుకున్నాడు.

"తీగ చుట్ట తెప్పించండి, నేనే వేస్తాను," అన్నాడు. "సాయంత్రం అంటే సాయంత్రమేనండీ."