పైకప్పు కారితే చూద్దువుగాని

“ఏ వెధవ పూశాడండీ ఈ సిలికాన్?”

ఎలేరితో నేను మాట్లాడిన మొదటి మాట ఇదే. నిచ్చెన మీద నేను, కింద గొడుగుతో ఆమె, మా ఇద్దరి మధ్య ముప్పై ఏళ్ల క్యాంపర్ వ్యాన్. ఎప్పటిలాగే వాన.

“మా తాత,” అంది.

నిచ్చెనకి ఐదే మెట్లు. ఆ ఐదూ దిగేలోపు పనికొచ్చే మాట ఒక్కటీ తట్టలేదు.

“తాతగారు... బాగున్నారా?”

“పోయి రెండేళ్లయింది.”

అమ్మాయిల ముందు తెలివి ప్రదర్శించబోయి బోర్లా పడటం నాకు కొత్త కాదు. కానీ ఇంత చక్కని అమ్మాయి ముందు ఇంత ఘోరంగా పడటం మాత్రం అదే మొదలు.

పోర్త్ గ్విన్ రేవులో మాది పడవల యార్డు. పడవ అడుగుకి వాడేదీ, ఆ వ్యాన్ నెత్తిన ఉన్నదీ ఒకటే ఫైబర్ గ్లాస్. అందుకే ఎవరో ఆమెను నా దగ్గరికి పంపారు. పంపినవాళ్లు నా నోటి సంగతి చెప్పినట్టు లేదు.

“క్షమించండి. నోరు జారింది.”

“నోరు తర్వాత కడుక్కోండి. ముందు వ్యాన్ సంగతి చెప్పండి. శుక్రవారానికి అవుతుందా?”

“ఇవాళ మంగళవారం.”

“క్యాలెండర్ చూడటం నాకూ వచ్చు. శనివారం మధ్యాహ్నం తుక్కు సామాను అతను లారీ తెస్తాడు. అమ్మ కబురు పెట్టేసింది. ఆలోగా ఒక్క వానకైనా చుక్క కారకుండా నిలిస్తే వ్యాన్ నాది. కారితే లారీ ఎక్కుతుంది.”

“ఈ పాత వ్యాన్ కోసం అంత పంతమా?”

ఆమె గొడుగు మూసేసింది. వానలో తడుస్తూ నావైపు సూటిగా చూసింది.

“ఈత, పేకాట, అమ్మకి చెప్పకుండా ఐస్‌క్రీం తినడం, అన్నీ తాతతో ఇందులో తిరుగుతూ నేర్చుకున్నాను. ఒక ఏడు ఉన్నట్టుండి కారడం మొదలైంది. వాన పడ్డప్పుడల్లా పరుపు నాని కంపు. ‘ఎవడో చవక పని చేసి ఉంటాడు’ అని అందరూ అంటే, ‘ఎవడూ కాదు, నేనే పూశాను’ అన్నాడు తాత. ఇక అమ్మ ఆయన్ని ఆరేళ్లు సాధించింది, చేజేతులా పాడుచేశారని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఇప్పుడిది తుక్కుకి పోతే అమ్మ మాటే చివరి మాట అవుతుంది. నేనది ఒప్పుకోను.”

నేనూ ఒప్పుకోలేదు. చేతిలో ఉన్న పడవ పని పక్కన పెట్టేశాను.

వ్యాన్‌ని షెడ్డు పక్కన నిలిపి, పైన పాత తెరచాప పందిరిలా కట్టాను. తడి మీద ఏదీ అంటుకోదు మరి. పైకప్పు నిండా సన్నటి పగుళ్లు, ఎండిన చెరువు మట్టిలా. కానీ అసలు దొంగ గాలి కిటికీ. పైకప్పు మధ్యలో ఎత్తి తెరిచే ఆ అద్దం తలుపు చట్రం చుట్టూ వేలెడు మందాన సిలికాన్.

“ఇది స్నానాల గదికి మంచిదే, ఇక్కడికి శత్రువు,” అన్నాను గోకుతూ. “పట్టు వదిలాక నీళ్లు లోపలికి దూరతాయి. పోనీ పైన ఇంకోటి పూద్దామంటే, దీని మీద ఏదీ అంటుకోదు. చివరికి సిలికాన్ కూడా.”

“మీకు స్నేహితులు ఎంతమంది?” అంది ఎలేరి రెండో గోకుడు రేకు అందుకుంటూ.

“ఎందుకు?”

“ఊరికే. ఏదీ అంటుకోదంటే అడగాలనిపించింది.”

బుధవారం మధ్యాహ్నానికి ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది. ఆమె టీ తేవడానికి వెళ్లినప్పుడు చట్రం ఊడి చేతికొచ్చింది. వెనక్కి తిప్పాను.

మా యార్డులో ఒక ఆనవాయితీ ఉంది. తలుపో, మూతో, చట్రమో బిగించేవాడు దాని లోపలి చెక్క మీద పెన్సిల్‌తో పేరూ తేదీ రాయాలి. “పని మంచిదైతే ఆ పేరు ఎవరూ చూడరు. చెడ్డదైతే ఎవరి చెవి మెలిపెట్టాలో తెలుస్తుంది,” అనేవాడు మా ఎమ్రిస్ మేస్త్రి.

ఆ చెక్క మీద వంకర అక్షరాలతో ఉంది: గెతిన్, జూలై 12. తొమ్మిదేళ్ల కిందటి తేదీ.

గెతిన్ అంటే నేనే.

అక్కడే పైకప్పు మీద కూలబడ్డాను. అంతా గుర్తొచ్చింది. నేను యార్డులో చేరిన మొదటి వేసవి. అప్పుడు ఈ వ్యాన్ నీలం రంగులో ఉండేది, అందుకే ఆనవాలు పట్టలేదు. మేస్త్రి ఊళ్లో లేడు. ఏడాదికి నాలుగు రోజులు కాసే ఎండ ఆ రోజే కాసింది. స్నేహితులంతా సముద్రం ఒడ్డున ఉన్నారు. పడవలకు పూసే గమ్ము ఆరడానికి అప్పట్లో రెండు రోజులు పట్టేది. మూల కొట్టులో కొన్న సిలికాన్ గంటలో ఆరింది. నేను ఈతకి పోయాను.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. మరుసటి ఏడు సెప్టెంబరులో, వ్యాన్ తెచ్చిన ఆ ముసలాయన మళ్లీ యార్డుకి వచ్చాడు. నేను ఒక పడవ తెరచాప కొయ్య ఎక్కి రంగు వేస్తూ ఈల వేస్తున్నాను.

“పని నచ్చిందా నాయనా?” అన్నాడు కింద నుంచి.

“చచ్చేదాకా ఇదే చేస్తానండీ!”

ఆయన మేస్త్రి గది వైపు చూశాడు, నావైపు చూశాడు. “అయితే మంచిదే,” అని టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు ఆయన మేస్త్రి చెవిన ఒక్క మాట వేసి ఉంటే ఆ సాయంత్రమే నా పని ఊడేది. ఇంటికెళ్లి తప్పు తన మీద వేసుకున్నాడు మహానుభావుడు.

చేతిలోనే గరుకు కాగితం ఉంది. రెండుసార్లు రుద్దితే పేరు పోతుంది. ఎలేరి టీ కప్పులతో వస్తోంది. నేను రుద్దలేదు. చూపించనూ లేదు. చట్రాన్ని గోనె కింద దాచాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ సాయంత్రమంతా ఆమె ఏం అడిగినా తడబడ్డాను.

“ఒంట్లో బాగాలేదా?” అంది.

“దుమ్ము పడలేదు,” అన్నాను.

గురువారం పగుళ్లన్నీ అరగదీసి, తుడిచి, గాజు నార పరిచి పైన రెజిన్ జిగురు పూశాం. అరగదీసిన దుమ్ము పడి ఎలేరి చేతులు దద్దుర్లు తేలాయి.

“గోకకు! గోకితే గాజు నూగు ఇంకా లోపలికి దిగుతుంది. ఇలా ఇవ్వు.”

ఆమె మోచెయ్యి నా మోకాలి మీద ఆనించి, జిగురు టేపు ముక్క అంటించి మెల్లగా లాగాను. మళ్లీ అంటించాను, మళ్లీ లాగాను. తర్వాత చన్నీళ్లు పోశాను. పందిరి మీద వాన టపటపలాడుతోంది. పని మూడో టేపుకే అయిపోయిందని ఇద్దరికీ తెలుసు. నేను ఏడోది చింపాను.

“గెతిన్, ఇంకా ఉన్నాయా?”

“కంటికి కనబడనివి ఉంటాయి.”

“ఓహో,” అంది. చెయ్యి మాత్రం తీసుకోలేదు.

అప్పుడే తెలిసింది, ఈ అమ్మాయి లేకుండా నాకిక కుదరదని. అబద్ధం మీదా ఏదీ అంటుకోదని కూడా తెలిసింది.

శుక్రవారం పొద్దున్నే చట్రం బిగించాలి. ఒక్క రోజులో గట్టిపడే కొత్త రకం గమ్ము కన్నం చుట్టూ పూసి, ఆనవాయితీ గురించి ఆమెకు చెప్పాను. ఎగిరి గంతేసింది.

“నేనూ పేరు రాస్తాను! ఏదీ చట్రం?”

గోనె తీసి చట్రం ఆమె చేతిలో పెట్టాను. చదివింది. ఇంకోసారి చదివింది. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఎండ, ఈత, మూల కొట్టు, సెప్టెంబరులో ఆయన అడిగిన మాట, అంతా.

“మంగళవారం నువ్వేమన్నావు?” అంది చివరికి.

“ఏ వెధవ పూశాడు అన్నాను.”

“దొరికాడుగా.” కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఎప్పుడు తెలిసింది నీకు?”

“బుధవారం.”

“అంటే నిన్న నా చెయ్యి పట్టుకున్నప్పుడు తెలుసు.”

“తెలుసు. చెబితే వెళ్లిపోతావని భయం వేసింది. నువ్వు వెళ్లిపోవడం నాకిష్టం లేదు ఎలేరీ. నువ్వంటే ఇష్టం. కానీ దాచి ఉంచుకునే ఇష్టం వద్దనిపించింది.”

ఆమె నా చెవి మీద ఉన్న పెన్సిల్ లాక్కుని, అటు తిరిగి, చెక్క మీద ఏదో రాసింది. చాలాసేపే రాసింది. చట్రం బోర్లా పెట్టింది.

“బిగించెయ్. చదివావో, చూడు!”

గొడుగు కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. ఒట్టు, నేను చదవలేదు. కళ్లు మూసుకునే ఎత్తి పెట్టాను. వేళ్లకంటిన గమ్ము వారం దాకా వదల్లేదు.

శనివారం పొద్దున్నుంచీ వాన దంచికొట్టింది. మధ్యాహ్నానికి నేను ఆమె గొడుగు చంకలో పెట్టుకుని, తెరవడం మరిచిపోయి, తడిసి ముద్దై వాళ్లింటికి పోయాను. రాత్రి నేను లేనప్పుడు ఎలేరి యార్డు నుంచి తోలుకెళ్లిన వ్యాన్ వాకిట్లోనే ఉంది. లోపల పరుపు నిండా పాత వార్తాపత్రికలు పరిచి, చుక్క కోసం కాపలా కాస్తూ వాళ్లమ్మ మెన్నా గారు, చేతిలో టీ. పక్కన ఎలేరి. నన్ను చూసి తల తిప్పుకుంది. నేను లోపలికెక్కి పరుపు పక్కన నిలబడ్డాను.

“మెన్నా గారూ, మీతో ఒక మాట. ఆ సిలికాన్ మీ నాన్నగారు పూయలేదండీ. నేను పూశాను.”

ఆవిడ అంతా విన్నారు.

“ఆరేళ్లు, బాబూ,” అన్నారు. “ఆరేళ్లు ఆ మనిషిని నిలబడనివ్వలేదు నేను. ఎందుకు నవ్వుతారు నాన్నా అని కసిరితే, ‘మంచి బేరం చేశానమ్మా’ అనేవాడు. నాకు ఒళ్లు మండేది.” కప్పు పక్కన పెట్టి మొహం చేతుల్లో దాచుకున్నారు. ఎలేరి వెళ్లి తల్లిని పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే టప్పుమని కాగితం మీద ఒక చుక్క పడింది.

ముగ్గురం పైకి చూశాం. పైకప్పు పొడిగా ఉంది. ఇంకో చుక్క పడింది. ఎలేరి పైకప్పు మానేసి నన్ను చూసింది.

“అమ్మా, కారుతున్నది వ్యాన్ కాదు. ఇతని జుట్టు.”

మెన్నా గారు ఏడుస్తూనే నవ్వారు. బయట లారీ హారన్ మోగింది. కళ్లు తుడుచుకుని లేచారు.

“లారీ అతనికి టీ ఇచ్చి పంపించేస్తాను. ఎలేరీ, ఈ పిల్లాడి తల తుడువు, కాగితాలు పాడవుతున్నాయి. రేపు భోజనానికి కూడా రమ్మను.”

ఎలేరి తువ్వాలు నా నెత్తిన వేసి కసిగా రుద్దింది. చెవులు ఊడొస్తాయేమో అనుకున్నాను.

“కోపం పోయిందా?”

“సగం.”

“నిన్న చెక్క మీద ఏం రాశావు?”

“పైకప్పు కారితే విప్పి చూద్దువుగాని.”

పని మంచిదైతే ఎవరూ చూడరన్నాడు మేస్త్రి. మాకు పెళ్లై ఐదేళ్లయింది. ఇప్పటికీ వాన పడ్డ ప్రతిసారీ నేను వ్యాన్‌లోకి దూరి, ఆశగా పైకి చూస్తూ పడుకుంటాను. పాడు పైకప్పు, చుక్క కారదు!