ఎర లేని బోను

కోల్డ్‌రూమ్ కంప్రెసర్ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ స్క్రూడ్రైవర్ బయటికి తీయకుండానే తలుపు గడియ పెట్టాడు.

"మీ చేపలు నిద్రపోతున్నాయా డాక్టరమ్మా?"

చీకటక్క చేతిలోని సీసా గాల్లోనే ఆగిపోయింది. ఆ ప్రశ్న విని చాలా ఏళ్ళయింది.

"అడుగున ఉన్నవాటికి రాత్రేమిటి, పగలేమిటి? నిద్రెక్కడిది?"

కోడ్ సరిపోయింది. మెకానిక్ టోపీ తీశాడు. నెరిసిన జుట్టు, అలసిపోయిన కళ్ళు. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి.

చీకటక్క అన్నది ఓడవాళ్ళు పెట్టిన పేరు. ఎండ పొడ సోకని లోతుల్లో బతికే ప్రాణుల మీద ఆమె పరిశోధన. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే "ముందు నా స్పాంజీలు ఎదగనివ్వండి" అనేది. అవి వందేళ్ళకి వేలెడు ఎదుగుతాయని తెలియనివాళ్ళు సరేనని తలాడించేవారు. విదేశీ సదస్సులకు వెళ్ళే సైంటిస్టు కదా అని డిపార్ట్‌మెంట్ ఒకప్పుడు ఆమెకు శిక్షణ ఇచ్చింది. ఆ తర్వాత మరిచిపోయింది. మరిచిపోయిందనే ఆమె అనుకుంది.

"కిందటి ట్రిప్పులో ఓడ మీంచి పడిపోయిన ఇంజిన్ ఫిట్టర్ గుర్తున్నాడా?"

"పాపం, కాలు జారిందన్నారు."

"జారలేదు. మెడ విరిచి తోశారు. అతను మనవాడే."

చీకటక్క సీసా కింద పెట్టింది.

"మీ స్పాంజీల గాజుతోట పక్కనుంచి సముద్రపు కేబుల్ వెళ్తోంది కదా? రక్షణ శాఖ మెసేజ్‌లన్నీ దాంట్లోనే. అవతలి దేశపు గ్యాంగ్ దానికొక పెట్టె తగిలించబోతోంది. అది ఒకసారి కరుచుకుందా, ఇక మన ప్రతి మాటా వాళ్ళ చెవిలో పడుతుంది. పీకబోతే కేబుల్‌తో సహా పేలుతుంది. పని ఈ ట్రిప్పులోనే. అదీ మీ ఓడ రోబోతోనే."

"చేసేదెవరు?"

"తెలిస్తే ఈ గ్రీసు బట్టలు ఎందుకు వేసుకుంటాను? ఒక్కటి చెప్తా వినండి. ఆ గ్యాంగ్‌లో మనకో డబుల్ ఏజెంట్ ఉంది. డాక్యుమెంటరీ తీసేదానిలా మీ ఓడెక్కుతుంది. ఆమెని నమ్మండి. ఆమెని మాత్రమే."

వెళ్ళబోతూ ఒక కీచైన్ ఇచ్చాడు. దానికి వేలాడుతున్నది లోతు సముద్రపు చేప బొమ్మ. "కన్ను నొక్కితే నేవీ బోటుకి సిగ్నల్ వెళ్తుంది."

చీకటక్క దాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఈ జాతి చేపకి కళ్ళుండవండీ."

"మావాళ్ళకీ ఉండవులెండి," అన్నాడు పెద్దాయన.

కెమెరా మేడమ్ ఓడెక్కిన రోజు వంటవాడు ఉప్పు బదులు పంచదార వేశాడు. ఎర్ర రెయిన్‌కోటు, చెవులకి ముత్యాలు, ఎవరితో మాట్లాడినా వాళ్ళొక్కరే లోకంలో ఉన్నట్టు చూసే చూపు. మెట్ల దగ్గర చీకటక్కను దాటుతూ "పెద్దాయన అడిగానని చెప్పమన్నారు" అంది గొంతు తగ్గించి. చీకటక్క గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఇన్నేళ్ళుగా తన రెండో బతుకు గురించి మాట్లాడుకోవడానికి ఆమెకు ఒక్క మనిషి కూడా లేకపోయింది.

అసలు ఓడలో ఆమెకు దగ్గరివాడంటే బావే. అక్క మొగుడు. రోబోను నడిపేది అతనే. పీత అని ముద్దుగా పిలుచుకునే ఆ యంత్రాన్ని రెండు వేల మీటర్ల లోతుకి దింపి, దాని ఇనుప చేతులతో గాజు పువ్వును కూడా చిట్లకుండా పట్టుకోగలడు. పైనున్న ఓడకి పీతను కలిపి ఉంచే లావాటి తీగను ఓడవాళ్ళు బొడ్డుతాడు అనేవారు.

ఆ ఉదయం కంట్రోల్ గదిలో తెరమీద గాజుతోట కనబడింది. తెల్లటి స్పాంజీలు, అల్లిన గాజుబుట్టల్లా. మనుషులు రాయడం నేర్చుకోకముందు పుట్టినవి వాటిలో ఉన్నాయి. ఒక్కో బుట్టలో ఒక జంట రొయ్యలు. పిల్లలుగా దూరి, ఎదిగాక బయటికి రాలేక, చచ్చేదాకా అందులోనే కాపురం చేస్తాయి.

"నేనూ మీ అక్కా కూడా అంతేగా!" అన్నాడు బావ, ఎప్పుడూ అనేమాటే. కానీ ఈసారి నవ్వలేదు. అతని మొహం పీక్కుపోయి ఉంది.

"ఏంటి బావా, ఒంట్లో బాలేదా?"

"నిద్ర లేదు మరదలా. అంతే."

తెల్లవారగానే పీత అడుగున మూడు బోనులు పెట్టి వచ్చింది. లోపల ఎరగా చేపముక్కలు. మధ్యాహ్నానికి వాటిని చూడ్డానికి వెళ్ళారు. మొదటి బోను ఊచలే కనబడలేదు. దాని మీద మెతుకుల్లాంటి తెల్లటి చిట్టి రొయ్యలు గుట్టగా మూగి ఉన్నాయి. రెండోదీ అంతే. తిండి కరువైన ఆ చీకట్లో కుళ్ళు వాసన తగిలితే చాలు, మైళ్ళ దూరం నుంచి వచ్చి పడతాయి.

మూడో బోను కేబుల్ పక్కనే ఉంది. శుభ్రంగా, కడిగి పెట్టినట్టుగా. దాని మీద ఒక్క పురుగు వాలలేదు.

"దీంట్లో ఏం పడలేదు. కాస్త పక్కకి జరుపుతా," అన్నాడు బావ. ఇనుప చెయ్యి బోనును ఎత్తి కేబుల్ వైపు కదిలింది.

చీకటక్క తెర దగ్గరికి వంగింది. పడకపోవడమేమిటి? ఎర ఉంటే పడి తీరాలి. అందులో ఎర లేదు. అది బోను కాదు. మూడు బోనులూ సర్దింది బావే.

వెనక కెమెరా మేడమ్ షూటింగ్ చేస్తోంది. చీకటక్క రెండడుగులు వెనక్కి వేసి ఆమె చెవిలో చెప్పింది. "మూడోదే పెట్టె. మా బావే. ఆపాలి."

"నాకూ తెలుసు," అంది మేడమ్ తీయగా. తలుపు గడియ పెట్టింది. కెమెరా అడుగుభాగం ఊడదీసింది. చేతిలో చిన్న పిస్తోలు మెరిసింది. "మీ పెద్దాయనకి మనుషుల్ని చదవడం రాదు. ఫిట్టర్‌కి కూడా నన్నే నమ్మమని చెప్పాడు."

చీకటక్క జేబులో చేప కన్ను నొక్కింది. బోటు రావడానికి అరగంట పడుతుంది. పెట్టెకీ కేబుల్‌కీ మధ్య బారెడు దూరం లేదు.

"బావా, చెయ్యి తియ్యి."

"నావల్ల కాదు." బావ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "మీ అక్క ఫోటో పంపారు. స్టవ్ దగ్గర నిలబడి ఉంది. ఫోటో మన వంటింట్లోంచే తీశారు. అర్థమైందా? మన ఇంట్లో నిలబడి తీశారు!"

"నాకు చెప్పి ఉండొచ్చు కదా."

"నువ్వు చేపల డాక్టరువి. నీకు చెప్తే ఏం చేస్తావు?"

ఆ ఒక్కమాటకి చీకటక్కకు ఏడుపొచ్చింది. నిజం దాచింది తను. దాని ఖరీదు కడుతున్నది బావ.

"మాటలు చాలు," అంది మేడమ్. "కానివ్వు."

బావ కుర్చీ పక్కన గోడకి ఎర్ర లివర్ ఉంది. పీత అడుగున చిక్కుకుని ఓడను లాగేస్తే బొడ్డుతాడు తెంపడానికి పెట్టింది. తెంపితే పీతా, పెట్టే కలిసి వాలులో దొర్లి గాజుతోట మీదే పడతాయి. అక్కడ పెట్టె పేలితే వాలంతా విరిగిపడుతుంది. ఆమె బతుకంతా ఆ తోటే. ఆలోచించడానికి వ్యవధి లేదు.

తెర మీద పెట్టె దవడలు తెరుచుకున్నాయి. కేబుల్‌ని తాకాయి.

చీకటక్క దూకింది. పిస్తోలు పేలింది. అదే క్షణంలో బావ కుర్చీలోంచి లేచాడు. ఆమె చేతిలో లివర్ కిందికి వచ్చింది. దవడలు మూతపడకముందే పీత బరువు వాటిని వెనక్కి లాగేసింది. తెర ఒక్కసారి తెల్లగా వెలిగి నల్లబడింది. బావ ఆమె భుజం మీద పడ్డాడు. అప్పటికే ఊపిరి లేదు.

చప్పుడు విని కెప్టెన్ తలుపు బద్దలుకొట్టాడు. వంటవాడు మేడమ్ తలమీద మంటలార్పే సిలిండర్‌తో ఒకటి వేశాడు. నేవీ బోటు వచ్చేసరికి అందరూ టీ తాగుతున్నారు, చీకటక్క తప్ప.

మర్నాడు తాడు కట్టి ఒక కెమెరాను కిందికి దింపారు. కేబుల్ చెక్కుచెదరలేదు. తోట ఉన్నచోట పెట్టె పేలి లేచిన బురద మేఘం ఇంకా తేరుకోలేదు. ఆమె సాయంత్రం దాకా ఆ తెర ముందే కూర్చుంది. ఒక్క తెల్లటి ముక్క కూడా కనబడలేదు.

ప్రమాదంలో మరణం అని రిపోర్టు రాశారు. డిపార్ట్‌మెంట్‌వాళ్ళు అక్క ఇంటిని కాపలా కాశారు, ఎవరూ రాలేదు. అక్క మాత్రం చెల్లెల్ని గుమ్మంలోనే ఆపేసింది.

"శవాన్ని కడిగింది నేనే. ప్రమాదమైతే గుండెల్లో చిల్లు ఎందుకుంటుందే?"

నిజం చెప్పకూడదని చీకటక్క సంతకం పెట్టి ఉంది.

"పోనీ, ఆయన మంచిపని చేస్తూ పోయాడా, చెడ్డపని చేస్తూ పోయాడా? అదొక్కటి చెప్పు."

బావ గుండుకి అడ్డం రావడానికి లేచాడా, తనను ఆపడానికి లేచాడా, పారిపోవడానికి లేచాడా? ప్రతి రోజూ ఆ క్షణాన్ని తిప్పి తిప్పి చూసుకుంటోంది. ఒక్కోసారి ఒక్కోలా కనబడుతోంది.

"నాకు తెలీదక్కా."

"నాకిక చెల్లెలు లేదు," అని అక్క తలుపేసింది. గట్టిగా కూడా వేయలేదు. ఇంట్లో ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా వేసింది.

వర్షాలు మొదలయ్యాక పెద్దాయన మళ్ళీ వచ్చాడు, ఈసారి మామూలు బట్టల్లోనే. కెమెరా మేడమ్‌ని అవతలివాళ్ళకి అప్పగించి, వాళ్ళ జైల్లో ఉన్న మన మనిషిని తెచ్చుకున్నామని చెప్పాడు. సరిహద్దు దాటేటప్పుడు ఆమె చెవులకి ముత్యాలు అలాగే ఉన్నాయట.

"ఇంకో చిన్న పని ఉంది డాక్టరమ్మా. గాజుతోట ఉన్న ఆ లోయలో ఖనిజాలు తవ్వడానికి ఒక కంపెనీ వచ్చింది. మీరు ఇన్నేళ్ళూ అడ్డుపడ్డారు కదా, అరుదైన ప్రాణులున్నాయని."

"అవును."

"ఇప్పుడు లేవని ఎవరో ఒక నిపుణుడు చెప్పాలి. దేశంలో ఆ లోయ తెలిసినవాళ్ళు మీరొక్కరే."

చీకటక్క ఖాళీ సీసాను బల్ల మీద బోర్లించింది.

"రాసుకోండి," అంది. "ఇన్నేళ్ళ సర్వీసులో ప్రభుత్వం నా మాట వినడం ఇదే మొదటిసారి."