పదకొండు కొరుకులు

దవడల విభాగంలో రోగిని నోరు తెరవమని అడగడం మానేసి ఆరేళ్లయింది. విరిగిన ఎముకను కలిపి బిగించే పలకే ఇప్పుడు అన్నీ చెబుతోంది. దాన్ని వార్తాపలక అంటారు. దవడ మీద ఎంత బరువు పడిందో, ఏ మర వదులైందో, చీము ఎక్కడ పట్టిందో గంటగంటకూ ఆస్పత్రికి పంపుతుంది. ‘పలక చెబుతుంది, మీరు చెప్పనక్కర్లేదు’ అని గోడ నిండా రాసిపెట్టారు. ఆపరేషన్ అయిన ప్రతి రోగికీ డాక్టర్ విశ్వంభరం ఆ మాటే చెప్పి పంపిస్తాడు.

ఆ ఉదయం ఆయన ఎదురుగా నూకరత్నం కూర్చుంది. ఆమెది రొయ్యలు వలిచే పని. ఏడు వారాల క్రితం స్నానాల గదిలో జారిపడిందంటూ భర్త అప్పలకొండ తీసుకొచ్చాడు. అప్పుడు వేసిన పలక ఇప్పుడు కదిలిపోయింది. ఎడమ చెంప ఉబ్బి, గడ్డం కింద చీము కారుతోంది. డాక్టర్ మాత్రం తెర వైపే చూస్తున్నాడు.

“గట్టి పదార్థాలు నమిలారు, పదకొండు సార్లు. ప్రతిసారీ మీ ఇంటికి హెచ్చరిక పంపాం. గంజి, జావ తప్ప ఏదీ ముట్టొద్దని చెప్పాను కదా?”

“సెప్తే ఇనదు బాబూ,” అన్నాడు అప్పలకొండ. “సేగోడీలు కనబడితే సాలు.”

నూకరత్నం తల దించుకుంది.

“ఆంక్ష మీరినవాళ్లు వరుసలో చివరికి వెళ్లాలి. కొత్త పలక వేయడానికి మూడు నెలలు పడుతుంది,” అన్నాడు డాక్టర్.

పక్కనే నిలబడ్డ నర్సు మార్తమ్మకు ఒళ్లు మండింది. ఆ చీము మూడు నెలలు ఆగుతుందా? మెడలోకి దిగితే ఊపిరే ఆడదు. దవడలను తీగతో కట్టే రోజుల నుంచీ ఆమె ఈ వార్డులోనే పనిచేస్తోంది. చేతికి తొడుగు వేసుకుని, “నోరు తెరువమ్మా,” అంది.

నోట్లోకి చిటికెన వేలు కూడా దూరలేదు.

మార్తమ్మ అప్పలకొండను కొత్త చీటీ రాయించుకురమ్మని పంపించి తలుపు వేసింది.

“డాక్టరుగారూ, ఆ పదకొండింటి గీతలూ ఒకసారి తెర మీదికి తీయండి. నమిలితే గీత లేస్తూ పడుతూ సాగాలి. ఇక్కడ చూడండి, ఒక్కొక్కటీ ఒక్క పోటు, అంతే. చేగోడీని ఒక్క కొరుకు కొరికి ఊరుకుంటారా ఎవరైనా? అసలు ఆ నోట్లోకి చేగోడీ ఎలా వెళ్లింది?”

డాక్టర్ పదకొండు గీతలనూ మళ్లీ మొదటి నుంచి చూశాడు.

దవడ మీద బరువు పడితే అది తిండి వల్లేనని పలకకు నేర్పారు. బయటి నుంచి చెయ్యి పడుతుందని దాన్ని తయారు చేసిన మేధావుల్లో ఒక్కరికీ తోచలేదు. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే. ఆ చెయ్యి చేసిన నేరానికి దెబ్బ తిన్న మనిషికి శిక్ష వేస్తున్నారు.

మార్తమ్మ పెన్ను తీసింది. ‘నమలలేదు. కొట్టారు. ఈ రోజే ఆపరేషన్,’ అని కేసు కాగితం మీద రాసి డాక్టర్ ముందు పెట్టింది. ఆయన సంతకం చేశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

అయినా ఆమె కోపం చల్లారలేదు. అది నూకరత్నం మీదికీ మళ్లింది.

“ఏడు వారాలుగా నోరెందుకు విప్పలేదమ్మా? ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?”

నూకరత్నం బిగిసిన పళ్ల మధ్య నుంచే మాట్లాడింది. చూపు డాక్టర్ మీద ఉంది.

“పలకే సెప్పేత్తాదని ఈ బాబే అన్నారు కదమ్మా. ఆడు కొట్టినప్పుడల్లా ఆస్పత్రికి తెలిసిపోయుంటాదనుకున్నాను. ఎవులో ఒకలు వత్తారని గుమ్మంలో కూకున్నాను. పదకొండు సార్లూ కూకున్నాను. పదకొండు సార్లూ గట్టియి నమలొద్దనే వచ్చింది.”